అడిగే భారం ఎవరిది?

ఫోన్‌లోని వీడియోను చుట్టుపక్కల అందరికీ వినిపించేలా పెట్టుకునేవారు, వరసలో నిలబడ్డవారిని దాటుకుని కౌంటరులోకి చెయ్యి చాపేవారు, లిఫ్టులోంచి జనం బయటికి రాకముందే లోపలికి తోసుకొచ్చేవారు, ‘రెండు నిమిషాల్లో వచ్చేస్తా’నంటూ దారికి అడ్డంగా బండి నిలిపి మాయమయ్యేవారు చేసే పనుల్లో ఏ ఒక్కటీ ఎవరూ పోలీసు స్టేషను గడప తొక్కేంత పెద్దది కాదు. అవి అంత నిరాటంకంగా సాగిపోవడానికి కారణం కూడా అదే. చేసినవారికి మిగిలేది ఓ నిమిషమో, కాస్తంత సౌఖ్యమో. నష్టపోయేవారు పదుల సంఖ్యలో ఉన్నా, ఒక్కొక్కరి వాటాకు వచ్చే నష్టం తగవు పెట్టుకునేంత ఉండదు కాబట్టి, అందరూ ఎవరికి వారే పళ్లు బిగించి ఊరుకుంటారు.

మర్యాద గురించిన ఉపదేశాలకు ఎక్కడా కొదవ లేదు. వాటికి మరొకటి జోడించడం మా ఉద్దేశం కాదు. ఇబ్బంది పడినవారే ఇబ్బంది పెట్టినవారి దగ్గరికి వెళ్లి, తామే ఏదో తప్పు చేసినట్టు గొంతు తగ్గించి, ‘కాస్త శబ్దం తగ్గిస్తారా’ అని బతిమాలుకోవలసి రావడమే మా దృష్టిలో అసలు సమస్య. అలా అడిగినందుకు ‘మీకేంటి బాధ’, ‘ఆ మాత్రం సర్దుకోలేరా’ అన్న జవాబు వస్తే, చూసేవారి కంట గొడవమనిషిగా మిగిలేది అడిగినవారే. రాత్రివేళ ఒంటరిగా ప్రయాణిస్తున్న మహిళో, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే పెద్దాయనో ఆ సాహసం చేయలేరు. అంటే ఎవరికి ఇబ్బంది ఎక్కువో వారికే నోరు విప్పే అవకాశం తక్కువ.

ఇదేమీ ఫోన్లతో పుట్టిన జాడ్యం కాదు. గణన యంత్రాల రూపకర్తగా పేరొందిన చార్లెస్ బాబేజ్ లండన్‌లో వీధి వాద్యకారుల మోతతో తన పని సాగడం లేదని ఏళ్ల తరబడి పోరాడాడు. వారిని కట్టడి చేసేందుకు 1864లో చట్టం వచ్చింది. పనికి అంతరాయం కలిగినా, ఇంట్లో జబ్బుతో ఉన్నవారు ఉన్నా, వాద్యకారులను అక్కణ్నుంచి వెళ్లిపొమ్మనే హక్కును ఆ చట్టం ఇంటి యజమానికి ఇచ్చింది. గమనించవలసిందేమంటే, ఆ మాట యజమాని స్వయంగా చెప్పాలి, లేదా నౌకరు చేతనో పోలీసు చేతనో చెప్పించాలి. చొరవ మాత్రం బాధితుడిదే. బాబేజ్‌కు దక్కిన బహుమానం వీధి జనం గేలి. శబ్దం చేసినవారికన్నా శబ్దం వద్దన్నవాడే లోకానికి వింతగా కనిపించాడు.

‘పట్టించుకోకుండా ఉంటే సరిపోదా’ అనేవారు ఉన్నారు. పట్టించుకోకపోవడం మన చేతిలో ఉన్న పని కాదని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం చూపింది. ఇద్దరి సంభాషణ పూర్తిగా వినిపించినప్పుడు శ్రోతల ఏకాగ్రతకు పెద్దగా భంగం కలగలేదు. ఫోన్‌లో మాట్లాడేవారి విషయంలో జరిగేట్టు ఒక వైపు మాటలే వినిపించినప్పుడు మాత్రం వారు చేస్తున్న పని దెబ్బతింది. తరువాతి మాట ఏమిటో ఊహించడం కష్టమైన చోట మనసు తనంతట తానే అటు లాగుతుందన్నది పరిశోధకుల వివరణ. పక్కవారి ఫోన్ సంభాషణకు విసుక్కునేవారిని ఓర్పు లేనివారనడం ఈ లెక్కన అన్యాయం.

ఊరుకోవడం వల్ల జరిగే మరో నష్టం ఇంకా లోతైనది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ నగరంలో జరిపిన ప్రయోగాల ఫలితాలు 2008లో వెలువడ్డాయి. నిలిపి ఉంచిన సైకిళ్లకు ప్రకటన కాగితాలు తగిలించి, వాటిని ఎందరు నేల మీద పారేస్తారో పరిశోధకులు గమనించారు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు పారేసినవారు 33 శాతం. రాతలు నిషిద్ధమన్న బోర్డు పక్కనే గోడ నిండా పిచ్చిరాతలు ఉన్నప్పుడు 69 శాతం. కాగితం పారేసినవారెవరూ ఆ రాతలు రాసినవారు కారు. ఇక్కడ నియమానికి విలువ లేదని గోడను చూసి గ్రహించారు, అంతే. ఒకరు స్పీకరు పెడితే మరొకరు పెట్టడం, ఒకరు వరస తప్పగానే వరసే చెదిరిపోవడం ఈ బాపతే. క్యూలో బుద్ధిగా నిలబడ్డ మనిషికి తాను తెలివితక్కువవాణ్నేమోనన్న అనుమానం కలిగిన రోజున ఆ క్యూ ఇక ఎంతోసేపు నిలవదు.

చికాకు కలిగించే ప్రతిదీ అమర్యాద కాదన్న విచక్షణ మాత్రం అవసరం. పసిబిడ్డ ఏడుపు, వినికిడి తగ్గినవారి పెద్ద గొంతు, కౌంటరు దగ్గర వణికే చేతులతో కాగితాలు వెతుక్కునేవారి ఆలస్యం తప్పులు కావు. వాటిని సహించలేకపోవడమే అమర్యాద. నిమిషంలో సరిదిద్దుకోగలిగి కూడా సరిదిద్దుకోనిదాని గురించే మా ఫిర్యాదు.

కొలంబియా రాజధాని బొగోటాలో 1990వ దశకం నడుమ మేయరుగా ఉన్న గణితజ్ఞుడు అంటానస్ మోకస్ ఈ చిక్కుముడిని సరైన చోట పట్టుకున్నాడు. కూడళ్లలో మూకాభినయ కళాకారులను నిలబెట్టి, నియమం తప్పిన వాహనదారులను, పాదచారులను మాట లేకుండా అనుకరించి నవ్వించే పని అప్పగించాడు. బొటనవేలు పైకెత్తిన, కిందికి దించిన బొమ్మలున్న కార్డులను లక్షల్లో పంచి, తోటివారి ప్రవర్తనపై మెప్పునూ అభ్యంతరాన్నీ వాటితో తెలపమన్నాడు. అవి చేసిన మేలు మనుషులను మార్చడం కన్నా, తగవు లేకుండా అభ్యంతరం చెప్పే సాధనాన్ని సామాన్యుడి చేతికి ఇవ్వడంలో ఉంది. అమెరికా రైళ్లలోని నిశ్శబ్ద బోగీలు 2000 ప్రాంతంలో రోజువారీ ప్రయాణికులు కోరడంతోనే మొదలయ్యాయి. అక్కడ ఫోన్ మాట్లాడేవారికి అభ్యంతరం చెప్పేవారు సొంత ఇష్టాన్ని రుద్దడం లేదు, బోగీ నియమాన్ని గుర్తు చేస్తున్నారు. బ్రిటన్‌లో రైలు ప్రయాణికులు 61016కు సందేశం పంపి, ఎవరితోనూ ముఖాముఖి తలపడకుండానే రైల్వే పోలీసులకు విషయం చేరవేయవచ్చు.

రవాణా సంస్థలు, ఆస్పత్రులు, జనం గుమిగూడే కార్యాలయాలు ‘దయచేసి తోటివారికి ఇబ్బంది కలిగించకండి’ అన్న బోర్డు తగిలించి చేతులు దులుపుకొంటున్నాయి. ఎవరూ అమలు చేయని బోర్డు గ్రోనింగెన్ గోడ పక్కన ఉన్న బోర్డు లాంటిదే. పైగా నియమాన్ని బేఖాతరు చేయవచ్చని అదే చాటుతుంది. ప్రతి బస్సులో, ప్రతి నిరీక్షణ గదిలో ఆ మాట చెప్పవలసిన ఉద్యోగి ఎవరో ముందే నిర్ణయించి, అది వారి విధుల్లో రాతపూర్వకంగా చేర్చి, చెప్పినందుకు వారిపై ఎవరైనా నోరు పారేసుకుంటే యాజమాన్యం వెన్నంటి నిలవాలి. ప్రయాణికుడు సైగ చేస్తే చాలు, మిగతాది ఆ ఉద్యోగి చూసుకునే ఏర్పాటుకు కొత్త చట్టమేదీ అక్కర్లేదు.