అప్పుతో వెళ్లే చదువుకు వ్యవధి ఉండదు

అనంతపురం జేఎన్‌టీయూ నుంచో, చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీల నుంచో బీటెక్ ముగించి అమెరికాకు ఎమ్మెస్‌కు వెళ్లే పిల్లల గురించి మాట్లాడేటప్పుడు మనం వేసేది ఒకటే లెక్క. ఫీజెంత, ఖర్చెంత, ఉద్యోగం వస్తే అప్పు ఎన్నాళ్లలో తీరుతుంది? ఆ పైన అంతా పిల్లల తెలివి మీదే ఆధారపడి ఉంటుందని నమ్మకం. నాకు అలా అనిపించదు. ఒకే యూనివర్సిటీలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరి వెనక ఇంటి ఆస్తి, ఇంకొకరి వెనక అప్పు ఉంటే, వాళ్లిద్దరూ చదివేది ఒకే చదువు అనలేం. ఆస్తి ఉన్న ఇంటి బిడ్డకు ఆగి ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. అప్పు మీద వెళ్లిన బిడ్డకు అది దొరకదు. మిగతా తేడాలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

ఈ తేడా విమానం ఎక్కకముందే, బ్యాంకులోనే మొదలవుతుంది. పేరున్న కొన్ని యూనివర్సిటీల సంగతి వదిలేస్తే, ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు లేకుండా విద్యారుణం ఇచ్చేది సాధారణంగా ఏడున్నర లక్షల వరకే. ఎమ్మెస్‌కు 40 లక్షలు కావాలనుకుందాం. ఉరవకొండ వైపు నుంచి వచ్చిన రైతు పట్టాదారు పాసుపుస్తకం తీసి బల్ల మీద పెడతాడు. ఎనిమిదెకరాల చీనీ (బత్తాయి) తోట, రెండు బోర్లు, డ్రిప్పు. మేనేజరు పుస్తకం తిరగేసి, మర్యాదగానే అడుగుతాడు: "టౌన్‌లో ప్లాటేమన్నా ఉందా అన్నా?"

ఆయన అలా అడగడానికి కారణం ఉంది. బాకీ కట్టకపోతే కోర్టుకు పోకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. సాగుభూమికి మాత్రం ఆ చట్టం వర్తించదు. రైతును కాపాడటానికి పెట్టిన మినహాయింపు అది, ఉండాల్సిందే. కానీ దానివల్ల విద్యారుణం దగ్గర ఎనిమిదెకరాల తోట కంటే అనంతపురం సాయినగర్‌లో ఐదు సెంట్ల ప్లాటుకే విలువ ఎక్కువ. ఊళ్లో ఇల్లుందంటే అది గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో ఉంటుంది, చాలాసార్లు రిజిస్టరు దస్తావేజే ఉండదు. పొలం ప్రభుత్వమిచ్చిన డీకేటీ పట్టాదైతే అడగాల్సిన పనే లేదు. దీనికి తోడు వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి ఆ తండ్రి దగ్గర ఐటీ రిటర్నులు ఉండవు. అవి లేకపోతే అప్పుకు సంతకం పెట్టడానికి ఆయన పనికిరాడు. గవర్నమెంటు ఉద్యోగం చేసే మేనమామను బతిమాలుకోవాలి. ఆ సంతకం ఊరికే రాదు. దాని వెనక ఇంట్లో ఆడవాళ్ల రాయబారాలు, మొహమాటాలు, ఒక్కోసారి పెళ్లి సంబంధాలు కూడా ఉంటాయి.

అదీ కుదరకపోతే ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ. ప్లాటు ఉన్నవాళ్లకు పది శాతం అటూఇటుగా దొరికే అప్పు ఇక్కడ పన్నెండు, పదమూడు అవుతుంది. 40 లక్షల మీద 12 శాతం అంటే నెలకు వడ్డీయే 40 వేలు. టికెట్టుకూ, మొదటి నెలల అద్దెకూ ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చేది వేరే. అది ఏడాదికి 24 శాతం. సీటు ఒకటే, డబ్బు తక్కువున్న ఇంటికి దాని ఖరీదు మాత్రం ఎక్కువ.

యూనివర్సిటీ ఎంచుకోవడంలోనూ ఇదే కథ. వెసులుబాటున్న ఇంట్లో ప్రవేశ పరీక్ష జీఆర్‌ఈ రెండోసారి రాయిస్తారు, పది యూనివర్సిటీలకు అప్లై చేయిస్తారు, మంచి సీటు రాకపోతే వచ్చే ఏడాది చూద్దాం లెమ్మంటారు. లేని ఇంట్లో కన్సల్టెన్సీ చెప్పిందే వేదం. చేర్చిన ప్రతి విద్యార్థికీ యూనివర్సిటీల నుంచి కమిషన్ తీసుకునే కన్సల్టెన్సీలు చాలా ఉన్నాయి. మన దగ్గర రూపాయి తీసుకోవడం లేదంటే ఎవరి దగ్గర తీసుకుంటున్నారో తల్లిదండ్రులు అడిగి తీరాలి. జర్మనీ సంగతే చూడండి. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు, అంటే దాదాపు పన్నెండు లక్షల రూపాయలు, బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే చూపించాలి. అది ఎక్కడికీ పోదు, నెలనెలా విద్యార్థి చేతికే వస్తుంది. అమెరికాతో పోలిస్తే ఇది ఎంతో చవక. కానీ కోర్సును బట్టి భాష నేర్చుకోవాలి, మార్కుల పత్రాలు అసలైనవేనని ఏపీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, అడ్మిషన్ కోసం ఓపిగ్గా ఎదురుచూడాలి. ఖర్చు తక్కువైన దారికి వ్యవధి ఎక్కువ కావాలి. ఆ వ్యవధి లేనివాళ్లే ఖరీదైన దారి పడుతున్నారు.

అమెరికా చేరాక ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద చదువు రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్ లోపలే పనికి అనుమతి. మొదటి విద్యా సంవత్సరంలో మామూలుగా బయట పనికి వీల్లేదు. క్యాంపస్‌లో పని దొరకని పిల్లలు గ్యాస్ స్టేషన్లలో, హోటళ్లలో చేతికి క్యాష్ తీసుకుని పనిచేస్తారు. తనిఖీ జరిగితే వీసా స్టేటస్ పోతుంది. రోజూ ఆ టెన్షన్‌తోనే క్లాసుకు పోతారు. రూల్స్ తెలియక వాళ్లు ఇందులో దిగుతున్నారని నేననుకోను. ఊళ్లో వడ్డీ తేదీ తెలిసే దిగుతున్నారు.

చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి కింద పన్నెండు నెలలు పనిచేయొచ్చు. సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకు ఇంకో 24 నెలలు. అయితే ఆ మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. తన రంగంలో వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా పనిచేసినా ఆ ఏడాది వరకు లెక్కకు వస్తుంది. ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో నాలుగు నెలలు ఉచితంగా పనిచేసి, సిఫార్సు లేఖతో మంచి కంపెనీకి పోవడం ఎవరికి వీలవుతుంది? ఇంటి నుంచి అద్దె డబ్బు వచ్చేవాళ్లకే. కిస్తీ మొదలయ్యే నెల దగ్గరపడిన పిల్లలు లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాయించే దళారుల చేతిలో పడతారు. ఆ తర్వాత ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీకి లాటరీ, ఏడాదికి 85 వేల వీసాలు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. ఇక లాభం లేదని తిరిగొచ్చేయడానికి కూడా ఇంట్లో డబ్బుండాలి. 40 లక్షల అప్పును రూపాయల జీతంతో తీర్చడం ఎలాగో తెలియక ఎంతోమంది అక్కడే అవస్థ పడుతున్నారు.

అప్పు ఉంటేనే కసిగా చదువుతారని వాదించేవాళ్లు మన జిల్లాలో చాలామందే ఉన్నారు. అప్పు చేసి వెళ్లి, తీర్చి, అనంతపురంలో ఇల్లు కట్టినవాళ్లు నిజంగానే ఉన్నారు, వాళ్ల కష్టానికి దండం పెట్టాల్సిందే. అయితే పెళ్లిళ్లలో, పండగల్లో మనకు ఎదురుపడేది గెలిచినవాళ్లే. ఓడినవాళ్ల ఇళ్లలో ఆ మాటే ఎత్తరు. వాళ్లను కలపకుండా వేసే లెక్కను నేను ఒప్పుకోలేను.

ప్రభుత్వ సాయం ఈ మధ్యస్తు కుటుంబాలకు పెద్దగా అందడం లేదు. రాష్ట్రంలో 2022లో తెచ్చిన విదేశీ విద్యా దీవెన ప్రపంచ ర్యాంకుల్లో పైనున్న యూనివర్సిటీలకే పరిమితమైంది. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుల అప్పుపై వడ్డీ భరించిన కేంద్ర పథకం పఢో పరదేశ్‌ను 2022-23 నుంచి ఆపేశారు. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి తాకట్టు, పూచీ లేకుండా అప్పు ఇస్తుంది గానీ, దేశంలోని సంస్థలకే.

కొత్త పథకం దాకా ఆగకుండా జిల్లాలో చేయగలిగింది ఒకటుంది. చీనీ కాయలు అమ్మిన మార్కెట్ యార్డు రసీదులు రైతు దగ్గర ఉంటాయి. ఏటా పంట రుణం తెచ్చి కట్టిన రికార్డు చాలాసార్లు అదే బ్యాంకు కంప్యూటర్‌లో ఉంటుంది. ఈ రెండింటినీ ఆదాయానికి రుజువుగా తీసుకుంటే తండ్రి తన బిడ్డ అప్పుకు తానే సంతకం పెట్టుకోగలడు. కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారి జరిగే జిల్లా బ్యాంకర్ల సమావేశంలో ఈ ప్రతిపాదన పెట్టాలి. అడ్మిషన్ల కాలం మొదలయ్యేలోపే దానిపై నిర్ణయం రావాలి.