ఆ నీళ్ల సంగతి మనకు తెలియనిది కాదు

పోయిన ఆదివారం మా సంఘంలో ప్రార్థన మనవులు చదివారు. పెళ్లి సంబంధాలు, వీసాలు, ఆపరేషన్లు అన్నీ అయ్యాక, చివర్లో "ఇతర దేశాల్లో హింసలు పడుతున్న మన సహోదరుల కోసం" అని ఒక్క ముక్క. అందరం ఆమేన్ అన్నాం, కానుకల పాట ఎత్తుకున్నాం. ఆ ఒక్క ముక్కలో ఉన్నవాళ్లెవరో మనలో ఎంతమందికి తెలుసు? ఒక్కరి పేరైనా చెప్పగలమా? ఇంటికొచ్చినా ఇదే మనసులో తిరుగుతోంది, అందుకే రాస్తున్నాను.

నేనొక పేరు చెబుతాను. ఆసియా బీబీ. పాకిస్తాన్ పంజాబ్‌లో షేఖూపురా జిల్లా, ఇట్టన్‌వాలీ అనే పల్లెటూరు. 2009 జూన్‌లో పొలంలో పండ్లు కోసే కూలికి వెళ్లింది. మండే ఎండ. బావి నీళ్లు తెచ్చి, అక్కడున్న గిన్నెతో తనూ తాగింది. క్రైస్తవురాలు ముట్టుకున్న నీళ్లు మేం తాగమన్నారు తోటి కూలీలు. మాటా మాటా పెరిగింది. కొన్ని రోజులకే ఆమె మీద దైవదూషణ కేసు పెట్టారు, 2010 నవంబరులో ఉరిశిక్ష వేశారు.

ఆ నీళ్ల గొడవ మొదటిసారి చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఊళ్లో టీ కొట్టు దగ్గర మనవాళ్లకు వేరే గ్లాసు ఉండేదని, తాగాక మనమే కడిగి పెట్టాలని చెప్పేది. పాకిస్తాన్ క్రైస్తవుల్లో ఎక్కువమంది పూర్వీకులు ఊళ్లు ఊడ్చిన చుహ్రా కులంవాళ్లు. 1870లలో అక్కడ వాళ్లు కుటుంబాలకు కుటుంబాలు క్రీస్తును నమ్ముకోవడం మొదలైంది. అదే రోజుల్లో, 1878 జూలై 3న, మన ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలే. కాబట్టి వాళ్లు మనకు ఎవరో దూరపువాళ్లు కాదు. ఇవాళ్టికీ అక్కడ మురికి కాలువలు శుభ్రం చేసేది, ఇటుక బట్టీల్లో అప్పు తీరక మగ్గిపోయేది చాలామటుకు వాళ్లే.

"మన దగ్గరే ఇన్ని బాధలుంటే అక్కడి సంగతి మనకెందుకు" అని మొన్న ఒక పెద్దాయన నాతో అన్నారు. అయ్యగారూ, 2023లో మణిపూర్‌లో చర్చిలు కాలినప్పుడు బయటివాళ్లు ఎవరైనా ఒక్కమాట మాట్లాడితే బాగుండునని మనమే కదా ఎదురుచూశాం?

ఇంకో సంగతి. ఈ బాధను పక్కింటి ముస్లింల మీద ద్వేషం పెంచడానికి వాడేవాళ్లంటే నాకు చాలా కోపం. ఆసియా బీబీ కోసం మాట్లాడినందుకు 2011 జనవరి 4న పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను సొంత బాడీగార్డే కాల్చి చంపాడు. తాసీర్ ముస్లిం. మార్చి 2న మైనారిటీల మంత్రి షాబాజ్ భట్టీని చంపారు, ఆయన క్రైస్తవుడు. ఆమె తరఫున సుప్రీంకోర్టులో వాదించిన సైఫుల్ మలూక్ ముస్లిం. 2018 అక్టోబరు 31న ఆమెను నిర్దోషి అని విడిచిపెట్టిన జడ్జీలూ ముస్లింలే. ప్రాణానికి తెగించి నిలబడ్డ ఇలాంటివాళ్లను పక్కనపెట్టి ఆమె కథ చెబితే అది అబద్ధమే అవుతుంది.

వాట్సాప్‌లో తిరిగే ఫోటోల సంగతీ అంతే. 2010లో కాంగోలో ఆయిల్ ట్యాంకర్ పేలి చనిపోయినవాళ్ల ఫోటోను నైజీరియాలో సజీవదహనం చేసిన క్రైస్తవులంటూ ఏళ్ల తరబడి తిప్పారు. నైజీరియాలో నిజంగానే మనవాళ్లు చచ్చిపోతున్నారు. మనం ఇలాంటివి పంపిస్తే రేపు నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. దయచేసి చూసుకోకుండా ఫార్వర్డ్ చేయకండి.

మరి ఏం చేయగలం? కెనడాలో ఉన్న మన తెలుగు సంఘాలకు ఒక విన్నపం. పాకిస్తాన్ నుంచి పారిపోయిన ఎన్నో క్రైస్తవ కుటుంబాలు బ్యాంకాక్‌లో ఇరుక్కుపోయాయి. థాయ్‌లాండ్ శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. వీసా గడువు దాటితే పోలీసులు పట్టుకుంటారు, పిల్లల్ని కూడా నిర్బంధ కేంద్రంలో పెట్టిన రోజులున్నాయి. కెనడాలో చర్చిలు శరణార్థి కుటుంబాలను స్పాన్సర్ చేసే పద్ధతి 1970ల చివరి నుంచీ ఉంది. ఇల్లు చూడటం, మొదటి ఏడాది ఖర్చులు, పిల్లల్ని బడిలో చేర్పించడం, ఇవన్నీ సంఘమే చూసుకోవాలి. కష్టమే. కానీ మీరు క్రిస్మస్ ప్రోగ్రాం హాలుకూ భోజనాలకూ ఎంత ఖర్చు పెడతారో నేను చూశాను. ఒక్క ఏడాది అది తగ్గించుకోలేరా?

ఇక్కడున్న మనం కనీసం గుర్తుపెట్టుకోవాలి. చెరలో ఉన్నవాళ్లను మనమూ వాళ్లతోపాటు చెరలో ఉన్నట్టే తలచుకోమని హెబ్రీ పత్రికలో చదువుతాం కదా. ఆసియా బీబీ తొమ్మిదేళ్లకు పైగా జైల్లో ఉంది. ఆ తొమ్మిదేళ్లలో ఆమె పేరు మా సంఘంలో ఎన్నిసార్లు వినిపించిందో తలచుకుంటే సిగ్గేస్తుంది.

వచ్చే శుక్రవారం ఉపవాస కూడికలో పది నిమిషాలు ఇవ్వమని మా పాస్టరు గారిని అడిగాను, సరే అన్నారు. పాకిస్తాన్ పంజాబ్‌లోని జరన్‌వాలా అనే ఊరి గురించి చెబుతాను. 2023 ఆగస్టు 16న అక్కడ 20కి పైగా చర్చిలు తగలబెట్టారు. పసిపిల్లల్ని ఎత్తుకుని జనం ఆ రాత్రి చెరకు తోటల్లో దాక్కున్నారు.