చేతులు వెనక్కి కట్టుకున్న మనుషులు

యాభై రెండేళ్ల వయసులో, మోకాళ్ల నొప్పులకు యోగాసనాలు వేయమని వైద్యుడు సలహా ఇచ్చిన రోజునే నేను కార్టూన్లు గీయడం నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. ఈ రెండింటికీ సంబంధమేమిటని ఇంట్లో అడిగారు. రెండింటిలోనూ మనిషిని సహజంగా వంగని వైపుకు వంచవలసి ఉంటుందనీ, యోగాలో ఆ మనిషిని నేనే అయితే కార్టూన్‌లో వేరొకరనీ, కాబట్టి రెండోదే నా ఆరోగ్యానికి మంచిదనీ సవినయంగా వివరించాను.

మరునాడే మా అనంతపురం సుభాష్ రోడ్డులో ఒక స్టేషనరీ దుకాణానికి వెళ్లి రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు, నిబ్బు, దానికి పిడి, ఇండియన్ ఇంకు బుడ్డి, పది డ్రాయింగ్ షీట్లు ఇమ్మన్నాను. షీట్లు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తూ దుకాణదారుడు "మనవనికా సార్?" అని అడిగాడు. నెరిసిన తలను చూసి గౌరవంతో అడిగిన ప్రశ్నే గాని అందులో దురుద్దేశం లేదు. నాకు మనవడు లేడు. కూతురికి ఇంకా పెళ్లే కాలేదు. అయినా నిజం చెప్పడానికి కావలసిన ధైర్యం ఆ క్షణాన దగ్గర లేనందువల్ల "అవునప్పా" అన్నాను. ఆ విధంగా నా కళాజీవితం ఒక అబద్ధంతో మొదలైంది. వ్యంగ్య చిత్రకారుడికి అది మరీ అంత అపశకునం కాదని ఆటోలో వస్తూ నన్ను నేను ఓదార్చుకున్నాను.

తెలుగునాట కార్టూన్ నేర్చుకునేవాడు అన్నిటికంటే ముందు నేర్చుకునేది సంతకం. ఈ అలవాటుకు బాధ్యులు బాపుగారే. సత్తిరాజు లక్ష్మీనారాయణ అనే పదక్షరాల నిండు పేరును రెండక్షరాలకు కుదించి, ఆ రెండింటినీ బొమ్మకు ఒక మూలన కూర్చోబెట్టి, చివరికి తన చేతిరాతే కంప్యూటర్లలో అచ్చక్షరంగా స్థిరపడేంత దూరం వెళ్లారాయన. ఆ గీత వెనక ఉన్న సాధన కనబడదు, సంతకం కనబడుతుంది. కనుక రహస్యమంతా ఆ రెండక్షరాల్లోనే ఉందని రెండు మూడు తరాల యువకులు నమ్మారు. వాళ్లతోపాటు నేనూ నమ్మి, రెండక్షరాల కలంపేరు కోసం మొదటి నెలంతా వెతికాను. నాకు నచ్చినవన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో తీసేసుకున్నారు, మిగిలినవి మా వీధి కుక్కల పేర్లు. సొంత పేరులోని మొదటి అక్షరాన్నీ చివరి అక్షరాన్నీ కలిపితే వచ్చిన మాట ఇక్కడ రాయదగినది కాదు. సంతకం కుదిరేనాటికి రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి అయిపోయింది. అందులో బొమ్మ ఒక్కటీ లేదు.

ఇప్పటికి ఎనిమిది నెలలైంది. ఈ సాధనలో నాకు తెలిసివచ్చిన ఒక సత్యాన్ని పెద్దల పరిశీలనకు సమర్పిస్తున్నాను. విమర్శకులు 'శైలి' అని పిలిచేది మరేమీ కాదు, ఆ చిత్రకారుడికి గీయడం రాని వస్తువుల జాబితాకు పెట్టిన మర్యాదైన పేరు. గొప్పవారి విషయంలో ఈ సూత్రం పనిచేయకపోవచ్చు గాని నా విషయంలో మాత్రం ఎక్కడా తప్పడం లేదు.

చేతుల సంగతే తీసుకుందాం. ముఖమంటే ఒక సున్నా. అందులో నిలువున ఒక గీత, అడ్డంగా ఒక గీత పెట్టుకుంటే కళ్లు ఎక్కడ, ముక్కు ఎక్కడ అన్నది తేలిపోతుంది. కనుబొమల లోపలి కొసలు కిందికి దించితే కోపం, పైకెత్తితే దిగులు, నోటి గీతను ఒక పక్కకు లాగితే ఎకసెక్కం. ఇవన్నీ పదిహేను రోజుల్లో పట్టుబడ్డాయి. చేయి అట్లా కాదు. అయిదు వేళ్లు, ఒక్కోదానికి ఒక్కో పొడవు, పైగా బొటనవేలు మిగతా నాలుగింటితో పొత్తు కుదరని స్వతంత్ర అభ్యర్థిలాగా వేరే దిక్కుకు చూస్తూ ఉంటుంది. నేను గీసిన మొదటి అరచేతిని చూసి మా ఆవిడ అరటిపండ్లు అనుకుంది. భాషాపరంగా ఆమె తప్పేమీ లేదు, అరటిగెలలోని గుత్తిని కూడా మనం హస్తమనే అంటాం. మిక్కీ మౌస్‌కు నాలుగే వేళ్లుంటాయని తెలిసి నేనూ ఒకటి తగ్గించి చూశాను. హస్తంలో ఒక పండు తగ్గింది, అంతే.

అప్పటినుంచి నా మనుషులందరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నారు. వెనక్కి కట్టుకోని వాళ్లు జేబులో పెట్టుకుంటారు, జేబు లేని వాళ్లు చేతులు మునిగిపోయేంత పెద్ద మూట మోస్తారు. ఇక్కడే నాకు మన నాయకుల పట్ల అపారమైన కృతజ్ఞత కలిగింది. వాళ్లు ఎన్నికల ముందు నమస్కారం పెడుతూ ఉంటారు. పక్కనుంచి చూస్తే రెండు చేతులూ కలిసి ఒక్క మామిడాకంత గీతలో సరిపోతాయి. ఎన్నికల తర్వాత చేతులు వెనక్కి కట్టుకుంటారు. అయిదేళ్ల కాలంలో ఏ దశలోనూ వేళ్లు గీయవలసిన అవసరం రానివ్వని ఈ వర్గం కొత్తగా నేర్చుకునే చిత్రకారుడికి చేస్తున్న సేవను ఇంతవరకూ ఎవరూ గుర్తించినట్టు లేదు. నా బొమ్మలు చూసిన ఒక మిత్రుడు, చేతులు దాచడంలో నేను అవినీతిని ధ్వనింపజేశానని మెచ్చుకున్నాడు. నేను ఖండించలేదు.

ఆర్.కె. లక్ష్మణ్ గారు తన కార్టూన్లలో గీసిన సామాన్యుడు కూడా గళ్ల కోటు వేసుకుని, పంచె కట్టుకుని, చాలాచోట్ల చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడి ఉంటాడు. దశాబ్దాల తరబడి నోరు విప్పి ఒక్క మాట మాట్లాడలేదు. అది చూసి నాకు బోలెడంత ధైర్యం వచ్చింది. తర్వాత ఆయన గీసిన కాకులను చూశాను; వచ్చిన ధైర్యం వచ్చిన దారినే పోయింది. తగిన ప్రతిభ లేదని చెప్పి బొంబాయి జె.జె. కళాశాల ఆయనను చేర్చుకోలేదన్న కథ నేర్చుకునే వాళ్లందరికీ కంఠోపాఠం. తిరస్కారం పొందిన ప్రతివాడూ తన పేరును లక్ష్మణ్ పక్కన రాసుకుంటాడు. నా బొమ్మలు మూడింటిని ఒక పత్రిక తిప్పి పంపినప్పుడు నేనూ రాసుకున్నాను. ఆ వరసలో ఎన్ని వేలమంది ఉన్నారో, అందులో లక్ష్మణ్ అయినవాళ్లు ఎందరో లెక్క చూసుకునే ఓపిక మాత్రం ఎవరికీ ఉన్నట్టు లేదు.

రెండో లోపం దిక్కుకు సంబంధించినది. కుడిచేతి వాటం వాణ్ని కావడంతో ముక్కు ఎడమవైపుకు తప్ప తిరగదు. కుడివైపుకు తిప్పబోతే అది ముక్కు కాక గొళ్లెం అవుతుంది. కాబట్టి నా కార్టూన్లలో ఇద్దరు మాట్లాడుకోవాలంటే ఒకరి వెనక ఒకరు రేషన్ వరుసలో నిలబడినట్టు నిలబడి మాట్లాడుకోవాలి. టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతూ ఈ బొమ్మలు చూపిస్తే, అందరినీ వామపక్షం వైపుకే చూపించినందుకు ఒక పెద్దాయన నా చేయి పట్టుకుని ఊపి, టీ డబ్బులు కూడా తానే ఇచ్చాడు. పూర్వీకుల అండ ఉంటే బాగుంటుందని నేను చుట్టుపక్కల వెతికాను. లేపాక్షి గుడి పైకప్పు మీద విజయనగర కాలపు చిత్రకారులు వేసిన బొమ్మల్లోనూ చాలా ముఖాలు పక్కవాటంగానే ఉన్నాయి. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో మేకతోలు మీద చెక్కే బొమ్మలదీ ఎక్కువగా అదే తీరు. ఆ తోలుబొమ్మలాటలో రాముడు, రావణుడు గంభీరంగా పద్యాలు చదువుతున్న చోటికి హాస్యపాత్రలైన జుట్టుపోలిగాడూ బంగారక్కా దూరిపోయి, ఊళ్లోని పెద్దమనుషుల మీద నానా మాటలూ అని పోతారు. రాజుగారి పక్కన నిలబడి పళ్లికిలించే ఆ పోలిగాడిని మించిన కార్టూన్‌ను ఇంతవరకూ ఈ సీమలో ఎవరూ గీయలేదని నా అభిప్రాయం. నా దురదృష్టం కొద్దీ 2022లో జిల్లాలను విడదీసినప్పుడు లేపాక్షి, నిమ్మలకుంట రెండూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిపోయాయి. ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో నా పూర్వీకులు పక్క జిల్లావాళ్లయ్యారు.

గుడి బొమ్మల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. కార్టూన్ అన్న మాటకు మూలం ఇటలీ భాషలో మందపాటి పెద్ద కాగితమని అర్థం. గోడమీద చిత్రం వేసేముందు అదే కొలతలో కాగితం మీద గీసుకునే నమూనాను అట్లా పిలిచేవారు. 1834లో కాలిపోయిన లండన్ పార్లమెంటు భవనాన్ని తిరిగి కడుతూ, దాని గోడల కోసం ఇట్లాంటి నమూనాలకు పోటీ పెట్టి 1843లో ప్రదర్శించారు. జనం తిండికి అల్లాడుతుంటే గోడలకు సింగారమా అని మండిపడ్డ 'పంచ్' అనే అక్కడి వ్యంగ్య పత్రిక, తామూ కార్టూన్లు వేస్తామని ఎగతాళిగా ప్రకటించి, చింకిబట్టల పేదలు ఆ చిత్రాల ప్రదర్శన చూస్తున్నట్టు జాన్ లీచ్ చేత గీయించింది. ఎగతాళికి వాడిన ఆ పేరే ఈ కళకు నిలిచిపోయింది. ప్రభుత్వ భవనాల గోడలకు ఏ రంగు ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు చెరిగిపోతుందో పిల్లలకు కూడా తెలిసిన మన రాష్ట్రంలో ఈ చరిత్రను ఇంతకంటే వివరించనక్కరలేదు.

అయితే అనంతపురంలో నేర్చుకోవడం వల్ల నాకు దక్కిన లాభం ఒకటుంది. నా గీత వణుకుతుంది. వేరే ఊళ్లో అయితే ఇది లోపం. ఇక్కడ వణికిన గీతలు ఒకదానికొకటి తగిలిస్తే బీటలు వారిన నేల తయారవుతుంది. దాని మీద నెత్తిన తువ్వాలు వేసుకుని ఆకాశంలోకి చూసే రైతును కూర్చోబెడితే కార్టూన్ పూర్తయినట్టే. రైతు చేతులు మోకాళ్ల వెనక్కి పోతాయి కాబట్టి ఆ బెడదా లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఈ నేల మీద, అది కూడా వేరుశనగ ఊడ దిగే సమయంలో మొహం చాటేసే చోట, ఈ బొమ్మకు తేదీ వేయవలసిన పనిలేదు. మా నాన్న కాలంలో గీసిందయినా ఈ ఖరీఫ్‌కు వేసుకోవచ్చు. ఒక్క మార్పు చేశాను: పాత బొమ్మల్లో రైతు ఆకాశంలోకి చూసేవాడు, నా బొమ్మలో బోరుబావిలోకి చూస్తున్నాడు. ఇది గీసిన రాత్రి మాత్రం నాకు నవ్వు రాలేదు. ఇంకు ఆరేదాకా ఊరికే కూర్చున్నాను.

మాటలు రాయడమన్నది ఇంకొక విద్య. జంతుశాస్త్రం పాఠాలు చెబుతూనే కార్టూన్లు గీసిన జయదేవ్ గారు మాట ఒక్కటీ లేకుండా నవ్వించారు. అనుభవం లేనివాడు అంత సాహసం చేయలేడు. కుండ గీసి దాని మీద 'ఖజానా' అనీ, కుండకు తూటు గీసి 'అవినీతి' అనీ రాస్తాడు. ఎనుమును గీసి దాని పొట్ట మీద 'ధరలు' అని రాయడం మామూలు పద్ధతి. నేను మాత్రం ఎనుము మీద 'ఎనుము' అని రాయవలసి వచ్చింది.

ఇక పోలిక. టీ కొట్టు దగ్గర రోజూ పేపరు చదివే ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు ఉన్నారు. ఆయన పేపరు తిప్పితే ముక్కు కూడా పేజీతోపాటు తిరుగుతుందా అన్నంత ముక్కు ఆయనది. వారం రోజులు దొంగచాటుగా చూసి, నిబ్బుతో గీసి, భయపడుతూనే చూపించాను. షీట్లు అయిపోయి జెరాక్స్ కాగితం మీద గీయడంతో ఇంకు పీల్చుకుని మీసం చెవులదాకా పాకింది గాని ముక్కు మాత్రం చక్కగా కుదిరింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు. "అచ్చు మా తోడల్లుడే గదప్పా! ఆ ముక్కు చూడు, దారికి అడ్డం" అంటూ కాగితాన్ని అడిగి తీసుకుని తోడల్లుడికి పంపించారు. తోడల్లుడు దాని వెనక "ఇది నువ్వే" అని రాసి తిప్పి పంపించాడు. ప్రస్తుతం ఆ రెండు కుటుంబాల మధ్యా మాటల్లేవు. నేను టీ కొట్టు మార్చాను.

మొన్న ఇంకు బుడ్డి కోసం మళ్లీ సుభాష్ రోడ్డుకు వెళ్లాను. "మనవడు బాగ నేర్చుకుంటాండాడా సార్?" అని దుకాణదారుడు ఆప్యాయంగా అడిగాడు. ఎనిమిది నెలలుగా అతను అడుగుతూనే ఉన్నాడు, నేను బాగా నేర్చుకుంటున్నాడని చెబుతూనే ఉన్నాను. ఆ పిల్లవాడు ఈపాటికి ఆరో తరగతికి వచ్చాడు కూడా. ఎవరైనా ఒక్కరు నిజాయితీగా చూసి చెబితే బాగుండుననిపించి, సంచిలోంచి కాగితం తీసి గాజు బల్ల మీద పరిచాను. ముందురోజు రాత్రి, మొదటిసారిగా, ఎక్కడా దాచకుండా చేయి గీసిన బొమ్మ అది. అతను దీపం కిందికి జరిపి, చాలాసేపు చూశాడు.

"ఆరో తరగతికి ఇది ఎక్కువే సార్," అన్నాడు. తర్వాత వేలు పెట్టి లెక్కపెట్టాడు. "కాకపోతే నాలుగు యేళ్లే ఏసినాడే. ఇంగోటి యాడ?"

"జేబులో ఉందంట" అన్నాను.