లబ్ధిదారు: నాచు

సంక్షేమ పథకాల సొమ్ములో సగం దారిలోనే ఇంకిపోతుందని వాపోయే పెద్దలు, దళారీ లేకుండా, దరఖాస్తు లేకుండా, ఆధార్ అనుసంధానం సైతం అడగకుండా చిట్టచివరి లబ్ధిదారుకు నేరుగా చేరే ఒక పథకాన్ని ప్రకృతి ఎప్పటినుంచో నడుపుతోందన్న సంగతిని గమనించినట్టు లేదు. అడవి తగలబడుతుంది. చెట్లు ఏళ్ల తరబడి ఆకుల్లో, బెరడులో దాచుకున్న నత్రజనిలో చాలా భాగం పొగతోపాటు గాలిలో కలిసిపోతుంది గానీ, ఫాస్ఫరస్ మాత్రం నమ్మకస్తుడైన గుమాస్తాలా బూడిదలోనే కూర్చుని తొలకరి కోసం ఎదురుచూస్తుంది. మంట వేడికి నేల పైపొరలో మైనం వంటి పూత ఏర్పడి వాన నీటిని ఇంకనివ్వదు కాబట్టి రవాణా నష్టం కూడా స్వల్పమే. బూడిద వాగులోకి, వాగు చెరువులోకి, చెరువులోని ఫాస్ఫరస్ నాచులోకి చేరుతాయి.

పథకం వల్ల ఫలితం ఉందా అని సందేహించేవారు కెనడా వైపు చూడవచ్చు. అల్బర్టా రాష్ట్రంలో 2003లో లాస్ట్ క్రీక్ కార్చిచ్చు చెలరేగిన తరువాత శాస్త్రవేత్తలు అక్కడి వాగులను ఐదేళ్లపాటు పరిశీలించగా, కాలిన కొండల నుంచి వచ్చే నీటిలో ఫాస్ఫరస్ తగ్గనే లేదు, నాచు ఎన్నో రెట్లు పెరిగింది, ఆ నాచు మీద బతికే పురుగులు, ఆ పురుగులను తినే ట్రౌట్ చేపలు కూడా ఒళ్లు చేశాయి. ఐదేళ్లంటే సరిగ్గా ఒక ప్రభుత్వ పదవీకాలం; ఒక్కసారి ప్రారంభోత్సవం చేసి, పదవీకాలమంతా లబ్ధి పంచిన పథకం మన రికార్డుల్లో ఇంకొకటి కనబడదు. అయితే మొదటి విడతలో కొంత జాప్యం తప్పదని ఒప్పుకోవాలి. కొట్టుకొచ్చిన మసి, ఒండ్రు నీటిలోకి వెలుతురును రానివ్వవు కనుక, చేతికందిన ఎరువును తినలేక నాచు కొంతకాలం ఆకలితోనే ఉంటుంది. బురద అడుగుకు దిగాక, గట్టు మీద నీడనిచ్చే చెట్లు కూడా కాలిపోయి ఉంటాయి కాబట్టి, ఎండ ధారాళంగా అందుతుంది.

అమెరికా ఇంకో మెట్టు పైకెక్కింది. అక్కడ కార్చిచ్చును అడ్డుకోవడానికి విమానాల నుంచి కుమ్మరించే ఎర్రటి ద్రావణంలో ప్రధానమైన సరుకు అమ్మోనియం ఫాస్ఫేటు, అంటే మన రైతు డీఏపీ అని పిలిచే ఎరువుకు దగ్గరి చుట్టమే. ఇక్కడ సహకార సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి, ఒక్క బస్తా కోసం ఎండలో నిలబడే మనిషికి, అక్కడి నాచుకు అదే సరుకు విమానంలో వచ్చి పడుతుందని తెలిస్తే ఏమనిపిస్తుందో ఊహించడం ఈ వ్యాసం పరిధిలోనిది కాదు.

ఈ విషయంలో హైదరాబాదు వెనుకబడి ఉందన్న ఆరోపణ ఒకటి వినబడే అవకాశం ఉంది కనుక దానికి ముందే జవాబు చెప్పడం మంచిది. మనకు కెనడా స్థాయి మంటలు లేవన్నది నిజమే. నల్లమలలో వేసవిలో లేచే మంటలు చాలావరకు నేలమీది ఎండుటాకులను మాత్రమే కాల్చుకుంటూ పోతాయి, చెట్ల తలలదాకా ఎక్కవు. కానీ చెట్టు కాలే దాకా ఆగవలసిన అవసరం మన నగరానికి ఎన్నడూ రాలేదు. స్నానాల గదులు, బట్టల సబ్బులు, వంటింటి తూములు, మరుగుదొడ్లు కలిసి అదే ఫాస్ఫరస్‌ను, కార్చిచ్చు లేకుండా, వాన లేకుండా, పన్నెండు నెలలూ నాలాల ద్వారా పంపిణీ చేస్తున్నాయి. 1992 నుంచి హుస్సేన్‌సాగర్ నడుమ నిలబడి ఉన్న బుద్ధ విగ్రహానికి చుట్టూ చిక్కటి ఆకుపచ్చ రంగు చూపించడానికి ఒక్క చెట్టు కూడా కాలనవసరం రాలేదంటే, పర్యావరణ పరిరక్షణలో ఇంతకంటే కావలసిందేముంది?

లబ్ధిదారుల్లో నీలి ఆకుపచ్చ నాచు తీరు కాస్త వేరు. శాస్త్రం దాన్ని బాక్టీరియా కోవలో చేర్చింది గానీ, లబ్ధి పొందే విషయంలో అది కులం అడ్డు రానివ్వలేదు. అందులో కొన్ని రకాలు మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నీళ్లు మరిగించి తాగండి అనే మన శాశ్వత సలహా ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే మరిగిస్తే ఆ విషం పోదు, పైగా నీరు ఆవిరై విషమే చిక్కనవుతుంది. పగలు ప్రాణవాయువును విడుదల చేసిన నాచే రాత్రంతా దాన్ని పీల్చుకోవడంతో, తెల్లవారుజామున చేపలు తేలడం కూడా ఈ పథకంలో భాగమే. వాటిని బుట్టల్లోకి ఎత్తే పనికి మాత్రం ప్రతిసారీ మనుషులే కావాలి.

కనుక ఒక ప్రయోగాన్ని వినయపూర్వకంగా ప్రతిపాదిస్తున్నాను. కెనడాలోని ఒంటారియోలో 226వ నంబరు సరస్సును 1973లో నడుముకు అడ్డంగా తెర కట్టి రెండు ముక్కలు చేశారు. రెండింటికీ కర్బనం, నత్రజని వేసి, ఒకదానికి మాత్రం ఫాస్ఫరస్ కూడా కలిపారు. అది కలిపిన సగం పచ్చబడింది, రెండో సగం తేటగా మిగిలింది. హుస్సేన్‌సాగర్‌కు అలాగే ఒక తెర కట్టి, ఒక సగంలో నల్లమల బూడిద, రెండో సగంలో కేవలం తేట నీరు ఉంచి, మన నాచు దేనికి ఎక్కువ విశ్వాసంగా ఉంటుందో తేల్చవచ్చు. తెర గుడ్డకు టెండరు పిలవడం పెద్ద పని కాదు. చిక్కల్లా తేట సగంతోనే: అక్కడున్న నీటిని తోడేసి మంచినీటి ట్యాంకర్లతో నింపాలి, ఆ మంచినీటిలో పెద్ద వాటా నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి వస్తుంది, ఆ కృష్ణ నల్లమల కొండల మధ్యనుంచే దిగి వస్తుంది. కాబట్టి ట్యాంకర్ల బుకింగ్ తొలకరికి ముందే ముగించాలని కమిటీకి మనవి.