ఆ ఆర్వో ప్లాంటు ఎవరిది?

కోనసీమలో మా ఊరి బడికి ఆరేళ్ల కిందట అమెరికాలో ఉంటున్న మా బ్యాచ్ వాళ్లం డబ్బులు పోగేసి తాగునీటి ఆర్వో ప్లాంటు పెట్టించాం. గ్రానైట్ పలక మీద మా పేర్లు, కొబ్బరికాయ, ఫొటోలు, అన్నీ అయ్యాయి. మొన్న సంక్రాంతికి వెళ్తే పలక తళతళలాడుతోంది, ప్లాంటుకి మాత్రం తాళం. ఫిల్టరు ఎవరు మార్చాలో తేలక రెండేళ్లుగా అలాగే ఉందట.

"పెట్టి వెళ్లిపోయారండి. ఎవరికి అప్పజెప్పినట్టండి?" అన్నారు హెడ్మాస్టారు. నోట మాట రాలేదు.

అప్పజెప్పడానికి మనిషి లేక కాదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి గవర్నమెంటు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. బడికి ఏం కావాలో ప్రణాళిక రాయాల్సిందీ వాళ్లే. మధ్యాహ్న భోజనం మీద కన్నేసి ఉంచాల్సిందీ వాళ్లే. ఆ భోజనానికి మన ఆంధ్రలో 2024లో అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడది మా కోనసీమలోని లంకల గన్నవరమే, చెప్పకుండా ఉండలేను.

మీటింగు మాత్రం పగలు పదకొండింటికి. ఆ వేళకి తల్లులు ఊడ్పుల్లోనో రొయ్యల షెడ్డులోనో ఉంటారు. కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? మినిట్స్ బుక్కే ఇంటికొస్తుంది. "మాస్టారు మంచోరే కదా అని సంతకం పెట్టేశాను బాబూ" అంది కమిటీ చైర్మన్. ఆ మాస్టారికేమో భోజనం లెక్కలు, హాజరు, యాప్‌లలో ఫొటోలు. క్లాసులో పాఠం ఎలా సాగుతోందో చూసే తీరికే లేదు. పైగా మనలాంటి దాతల టెన్షన్ ఒకటి.

అమెరికాలో స్కూల్ బోర్డు ఎన్నికలకి ఓటేస్తాం, పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) మీటింగులకి సెలవు పెట్టి మరీ వెళ్తాం. సొంతూరి బడి దగ్గరికొచ్చేసరికి చెక్కు రాసి చేతులు దులిపేసుకుంటాం. కమిటీల్లోకి ఊరి పార్టీలు దూరతాయంటారు కొందరు. దూరతాయి. అలాగని తల్లుల్ని పక్కన పెట్టి మనం పెత్తనం చేస్తే అది ఇంకా అన్యాయం. కమిటీ తీర్మానం చూడకుండా, రిపేరు ఖర్చు ఎవరిదో తేలకుండా మనలాంటి దాతల సంఘం ఏదీ పైసా పంపకూడదన్నది నా అభిప్రాయం.

మా వాళ్లం మొన్న మాస్టార్ని బతిమాలి మీటింగు సాయంత్రం ఏడింటికి పెట్టించాం. మేం వీడియో కాల్‌లో ఉన్నాం. పద్నాలుగు మంది తల్లులొచ్చారు. ఫిల్టరు సంగతి పది నిమిషాల్లో తేల్చేశారు. ఆ తర్వాత వాళ్లు అడిగింది ఆడపిల్లల బాత్రూము తలుపులకి గడియలు. మేం రాసుకున్న లిస్టులో ట్యాబ్‌లు ఉన్నాయి.