పది రూపాయల బల్బు, దాని పరివారం

డాష్‌బోర్డు బల్బు మార్చడం చిన్న పని అనేవాళ్లు ముందు ఒకసారి మార్చి, ఆ తర్వాత మాట్లాడాలని నా విన్నపం. లోతుగా ఆలోచించాక నాకు తేలిందేమంటే, కార్ల ఇంజనీర్లు ముందు ఆ బల్బును గాలిలో వేలాడదీసి, దాని చుట్టూ కారు కట్టారు.

మాది పాతికేళ్ల కారు. ఒకరాత్రి కర్నూలు నుంచి అనంతపురం వస్తుంటే డోన్ దాటాక స్పీడోమీటర్‌లో సగం ఆరిపోయింది. అరవై దాకా వెలుగు, ఆపైన అమావాస్య. గుత్తి వచ్చేదాకా మా ఆవిడ సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని, "అరవై ఐదు, డెబ్బై, కొంచెం తగ్గించు" అని కామెంటరీ చెబుతూనే ఉంది. ముల్లు కనబడే రోజుల్లో కూడా ఆమె ఈ పని చేసేది కాబట్టి పెద్ద తేడా ఏమీ తెలియలేదు.

మర్నాడు క్లాక్ టవర్ దగ్గర ఒక మెకానిక్‌ను అడిగితే, "బల్బు పది రూపాయలే సార్, విప్పి బిగించేదానికి ఎనిమిది వందలు" అన్నాడు. తప్పు పట్టలేం, దేవుడి దర్శనానికి కూడా క్యూకే కదా టికెట్టు! అయినా రోషం వచ్చి నేనే దిగినాను.

బ్యాటరీ వైరు తీశాను. స్టీరింగ్ కవరు, మీటరు చుట్టూ ఉన్న నల్ల చట్రం, నాలుగు స్క్రూలు. పాతికేళ్లు మా ఊరి ఎండ తాగిన ప్లాస్టిక్ అప్పడంతో సమానం, క్లిప్పు టప్‌మంది. మీటరు వెనక ముల్లును తిప్పే స్పీడోమీటర్ కేబులు. దాన్ని లాగితే గానీ బల్బు హోల్డరు చేతికి రాదు. ఎడమకు పావు చుట్టు తిప్పితే వచ్చేస్తుందంటారు, నిజమే, వచ్చి నేరుగా డాష్‌బోర్డు లోపలికి పడిపోతుంది, దాన్ని వెతకడానికి ఇంకో గంట.

షాపులో "టీ5ఆ, టీ10ఆ?" అన్నాడు. ఒకటి సుమారు 5 మిల్లీమీటర్ల లావు, ఇంకోటి 10. నేను జ్ఞానిలా తలూపి పెద్దది తెచ్చాను, అది హోల్డర్లో దూరలేదు. మళ్లీ పోయి, ఈసారి తెలివిగా ఎల్‌ఈడీలు తెచ్చాను. మామూలు బల్బు ఎటు పెట్టినా వెలుగుతుంది, ఎల్‌ఈడీకి మాత్రం ప్లస్, మైనస్ జాతకం కలవాలి. అంతా బిగించి స్విచ్ వేస్తే నాలుగింట్లో మూడు మౌనవ్రతం. మళ్లీ విప్పాను, మూడింటినీ తిప్పి పెట్టాను.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, వీటిలో ఎర్ర బ్యాటరీ బొమ్మ బల్బును చులకన చేయకూడదు. చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్, అంటే ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించేది, ఛార్జింగ్ మొదలుపెట్టడానికి మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది, అది మాడితే బ్యాటరీకి కూడు లేదు. ఆఫీసులో అటెండరు సెలవు పెడితే ఫైలు కదలనట్టు. అందుకే దాని జోలికి పోలేదు.

నా డిమాండు ఒక్కటే. ఆ బల్బును అక్కడ పెట్టిన ఇంజనీరు మే నెలలో మిట్టమధ్యాహ్నం అనంతపురం వచ్చి, కారు అద్దాలెక్కించుకుని, తన చేత్తో ఒక్కటి మార్చాలి. మజ్జిగ నేనిస్తాను.

సాయంత్రానికి అంతా బిగించాను, రెండు స్క్రూలు మిగిలాయి, జేబులో వేసుకున్నాను. రాత్రి పెనుకొండ రోడ్డు మీద డాష్‌బోర్డు పెళ్లిపందిరిలా వెలిగిపోతోంది.

"ఎంత స్పీడులో పోతాన్నాం?" అన్నాను గర్వంగా.

మా ఆవిడ ముందుకు వంగి చూసింది. "బ్రహ్మాండంగా కనిపిస్తోంది," అంది, "సున్నా."

కేబులు తగిలించడం మర్చిపోయినాను.