మాట ఆయనది, తిట్లు మాకు

మా సంస్థ అధినేత తన సొంత అభిప్రాయమొకటి బయటపెట్టిన మర్నాడు ఉదయం, నేను మొదటి ఫోను ఎత్తగానే అవతలి మహిళ, "అలాంటి మనిషి దగ్గర పనిచేయడానికి సిగ్గుగా లేదా?" అని నిలదీశారు. నిజానికి ఆమె ఫోను చేసింది రెండుసార్లు పడిన బిల్లు గురించి. ఆ సంగతికి రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

జనానికి కోపం రాకూడదని నేననను. 2014 మార్చిలో, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తయారుచేసే మొజిల్లా సంస్థకు సీఈఓగా నియమితులైన బ్రెండన్ ఐక్, కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాలను నిషేధించే ప్రతిపాదనకు 2008లో 1,000 డాలర్ల విరాళం ఇచ్చారన్న విషయంపై నిరసన చెలరేగడంతో రెండు వారాలు తిరగకుండానే పదవి వదులుకున్నారు. తన పెళ్లే చెల్లదనే ప్రతిపాదనకు డబ్బిచ్చిన వ్యక్తి కింద పనిచేయవలసిన ఉద్యోగికి, అది కేవలం వ్యక్తిగత విషయమని ఎవరు నచ్చజెప్పగలరు?

నా బాధ వేరు. లాభాలు వచ్చినప్పుడు సంస్థ అంటే తానేనని పత్రికల ముఖచిత్రాలకెక్కే పెద్దమనిషి, నోరు జారినప్పుడు మాత్రం సంస్థ వేరు, తాను వేరు అంటారు. (క్షమాపణ రాసిపెట్టేది కూడా వేరొకరే!) మధ్యాహ్నానికి మా చేతికొక కాగితం వచ్చింది: "అవి ఆయన వ్యక్తిగత అభిప్రాయాలు, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము." సాయంత్రం దాకా ఆ రెండు ముక్కలే చదివి చదివి నా గొంతు బొంగురుపోయింది. ఆయన ఫోను మాత్రం ఆ రోజంతా స్విచాఫ్‌లోనే ఉందట.